ముఖముపై మానని పుండు – చర్మ క్యాన్సరు శస్త్రచికిత్స నడచిన దారి

వైద్య వృత్తిలో నేను చేసిన పొరపాట్లలో కొన్నిటిని మరచిపోయాను. ఒకదానిని మాత్రము మరువలేను. 1970ల చివరలో గుంటూరు జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో పని చేస్తున్న రోజులవి. మిరప చేలలో కూలికి వెళ్ళే ఒక తల్లి ముక్కు పక్కన చిన్న పొక్కు చూపించడానికి వచ్చింది. వయస్సు యాభై దాటి ఉంటుంది. ఆ పొక్కు కందిగింజ కంటె పెద్దది కాదు. చుట్టూ అంచు నల్లగా నిగనిగలాడుతోంది. నడుమ కొద్దిగా గుంట, దానిపై సన్నని పక్కు. నొప్పి లేదు, దురద లేదు. “ఆరు నెలల నుంచి మానటల్లేదు బాబూ. పక్కు ఊడుద్ది, మళ్ళీ కడుద్ది” అన్నది. పుట్టుమచ్చ ఒరిపిడికి చితికినదని భావించి పూత మందు వ్రాసి ఇచ్చాను. రెండవసారి వస్తే మరొక పూత మందు ఇచ్చాను. మూడవసారి ఆమె రాలేదు.

మూడేళ్ళ తరువాత, నేను తాలూకా ఆసుపత్రికి బదిలీ అయిన పిమ్మట, ముఖానికి కొంగు అడ్డము పెట్టుకుని ఒక స్త్రీ వచ్చింది. కొంగు తీసే వరకు నేను ఆమెను గుర్తు పట్టలేదు. ముక్కుపుట సగము లేదు. పుండు బుగ్గ మీదకు పాకింది. నగరములోని పెద్దాసుపత్రికి పంపించాను. అక్కడ ముక్కులో ఒక పక్క భాగమును తొలగించి, నుదుటి చర్మముతో మళ్ళీ ముక్కు కట్టారు. కోలుకున్నాక నాకు చూపించడానికి వచ్చి ఆమె అడిగినది ఒకే ప్రశ్న: “చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తే ఇంత పొయ్యేది కాదుగా బాబూ?”

ఆ మాటలో కోపము లేదు. ఉండి ఉంటే నేను ఎప్పుడో మరచిపోయి ఉండేవాడిని. ఆ ప్రశ్న వెంటబడి నేను చదువుకున్న చరిత్రనే ఇక్కడ మీకు చెప్పబోతున్నాను. ముఖముపై క్యాన్సరును కోసే వైద్యునికి ఎల్లప్పుడూ రెండు భయములు ఉంటాయి. తక్కువ కోస్తే జబ్బు మిగిలిపోతుంది. ఎక్కువ కోస్తే మనిషి ముఖము పోతుంది. కన్ను, ముక్కు, పెదవి, చెవి ఒకదానికొకటి వేలెడు దూరములో ఉన్న చోట ఈ రెండు భయముల నడుమ దారి వెదకడానికి వైద్యశాస్త్రమునకు రెండు వందల ఏళ్ళు పట్టింది.

జబ్బుకు పేరు దొరికిన వైనము

1827లో ఐర్లండులోని డబ్లిన్ నగరములో ఆర్థర్ జేకబ్ అనే వైద్యుడు కనురెప్పలపైన, ముఖముపైన వచ్చే ఒక విచిత్రమైన పుండును గురించి వ్రాశాడు. ఆయన ప్రధానముగా కంటి వైద్యుడు; కంటి రెటీనాలో ఒక పొరను అంతకు ముందే కనిపెట్టిన వ్యక్తి. ఆయన గమనించిన విషయములు నేటికీ నిజములే. ఆ పుండు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, నొప్పి తక్కువ, సంవత్సరముల తరబడి ఉంటుంది. చుట్టుపక్కల లింఫు గ్రంథులు సాధారణముగా వాయవు. కాని తన దారిలో ఉన్న చర్మమును, మృదులాస్థిని, చివరకు ఎముకను కూడా తినివేస్తుంది. ఎలుక కొరికినట్లు కొరుక్కుంటూ పోతుంది కనుక తరువాతి వైద్యులు దానిని ‘రోడెంట్ అల్సర్’, అంటే కొరుకుడు పుండు అన్నారు.

అది ఎక్కడ నుండి పుడుతుందో తెలియడానికి మరో ముప్పాతిక శతాబ్దము పట్టింది. 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో హంగేరీ దేశపు పెథాలజిస్టు క్రోంపెచెర్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, అది బాహ్యచర్మపు అట్టడుగు వరుస కణములను పోలిన కణముల నుండి పుట్టే క్యాన్సరు అని వివరించాడు. దానినే నేడు బేసల్ సెల్ కార్సినోమా అంటున్నాము. చర్మము పై వరుసలలోని కణముల నుండి పుట్టేది స్క్వేమస్ సెల్ కార్సినోమా. రంగునిచ్చే కణముల నుండి పుట్టేది మెలనోమా. ముఖముపై కనిపించే చర్మ క్యాన్సర్లలో ఈ మూడూ ముఖ్యమైనవి.

మొదటి రెండింటికి ప్రధాన కారణము జీవితమంతా కొద్దికొద్దిగా పడిన ఎండ. మన చర్మములోని మెలనిన్ మనకు గొడుగు పడుతుంది కనుక తెల్లజాతుల వారి కంటె మనలో ఇవి చాలా తక్కువ. తక్కువ అంటే లేవని కాదు. మన నల్లని చర్మములో బేసల్ సెల్ క్యాన్సరు తరచు నల్లగానే ఉంటుంది. అందువలన పుట్టుమచ్చ అని రోగి మోసపోతాడు. నావలె వైద్యుడూ మోసపోతాడు.

కత్తికి ముందు కాల్చుడు

జేకబ్ కాలమునకు మత్తుమందు లేదు. సూక్ష్మజీవులను గురించి తెలియదు. మెలకువగా ఉన్న మనిషి ముక్కును నిదానముగా, అంచులు చూసుకుంటూ కోయడము ఎవరి తరము? కత్తి వాడితే క్షణములలో ముగించాలి. ముగించినా గాయము చీము పట్టేది. కనుక చాలామంది వైద్యులు, వైద్యులు కానివారు కూడా, ఆర్సెనిక్ కలిపిన లేపనములను, జింక్ క్లోరైడు ముద్దలను, ఎర్రగా కాల్చిన ఇనుమును ఆశ్రయించారు. అవి మాంసమును చంపుతాయి. చచ్చిన మాంసము రాలిపోతుంది. పైకి గాయము మానినట్లే కనిపించేది. కాని క్యాన్సరు ఎంత లోతున ఉన్నదో లేపనమునకు తెలియదు, పూసిన వానికీ తెలియదు. మచ్చ క్రింద మిగిలిన కణములు లోలోపల పెరిగి, రెండు మూడేళ్ళకు మరింత వెడల్పుగా బయటపడేవి.

1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తు బహిరంగముగా నిరూపితమయింది. 1867లో లిస్టర్ క్రిమినాశక శస్త్రచికిత్సా పద్ధతిని ప్రకటించాడు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కోకెయిన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చి, స్థానికపు మత్తుకు దారి తీశాడు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ లిడొకెయిన్‌ను తయారు చేశాడు. నేడు ముఖముపై చర్మ క్యాన్సరు శస్త్రచికిత్సలలో చాలా భాగము ఈ లిడొకెయిన్ సూదితోనే జరుగుతాయి. రోగి మెలకువగా ఉంటాడు, మాట్లాడుతుంటాడు, నొప్పి మాత్రము ఉండదు. ఈ మార్పులు సర్జనుకు ఇచ్చిన అసలైన వరము సమయము. తొందర లేకుండా కోసే అవకాశము వచ్చిన తరువాతనే ‘ఎంత కోయాలి’ అనే ప్రశ్నకు అర్థము వచ్చింది.

పూణె దగ్గర కట్టిన ముక్కు

కోసిన చోటును పూడ్చడము తెలియకపోతే సర్జను చేయి వెనుకాడుతుంది. ఆ విద్య ఐరోపాకు మన దేశము నుండే వెళ్ళింది. ఆ కథకు క్యాన్సరుతో సంబంధము లేదు, యుద్ధముతో ఉన్నది. మూడవ మైసూరు యుద్ధములో కవాస్జీ అనే మరాఠా బండివాడు ఆంగ్లేయుల సైన్యము వెంట ఎద్దులను తోలుతూ 1792లో టిప్పు సుల్తాను సైనికులకు చిక్కాడు. వారు అతని ముక్కును, ఒక చేతిని నరికి వదిలేశారు. సంవత్సరము పైగా ముక్కు లేకుండా బ్రతికిన అతనికి పూణె సమీపములో ఇటుకలు చేసే కులమునకు చెందిన ఒక వ్యక్తి కొత్త ముక్కు కట్టాడు. బొంబాయి ప్రెసిడెన్సీకి చెందిన ఇద్దరు ఆంగ్ల వైద్యులు, క్రూసో, ఫిండ్లే, ఆ శస్త్రచికిత్సను కళ్ళారా చూశారు. 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మేగజీన్ కవాస్జీ చిత్రముతో సహా ఆ వివరములను ప్రచురించింది.

పద్ధతి ఇది. మైనమును పలుచని రేకుగా చేసి, పోయిన ముక్కు ఆకారములో అమర్చి, దానిని విప్పి నుదుటిపై పరచి గీత గీస్తారు. ఆ గీత వెంబడి నుదుటి చర్మమును లేపుతారు. కనుబొమల నడుమ మాత్రము ఒక సన్నని తొడిమను కోయకుండా ఉంచుతారు. ఆ తొడిమలో నుండి రక్తము ప్రవహిస్తుంది. లేపిన చర్మమును ఆ తొడిమపై తిప్పి క్రిందకు దించి, ముక్కు చోట గాటు పెట్టిన అంచులలో ఇమిడ్చి, కాచు తడిపిన గుడ్డలతో కప్పుతారు. కొత్త చోట రక్తనాళములు కలుసుకున్నాక, సుమారు 25వ రోజున తొడిమను కోస్తారు.

సుశ్రుత సంహితలో ముక్కును తిరిగి కట్టే విధానము ఉన్నదని మనము గర్వముగా చెప్పుకుంటాము. అందులో చెప్పినది బుగ్గ చర్మము. కొలతకు చెట్టు ఆకును వాడమన్నారు. నుదుటి చర్మమును వాడడము తరువాతి కాలములో కొన్ని కుటుంబముల వారి చేతి విద్యగా నిలిచింది. పూణె పద్ధతిని గురించి చదివిన లండన్ సర్జను జోసెఫ్ కార్ప్యూ చాలా కాలము శవములపై అభ్యసించి, 1814లో ఒక రోగికి నుదుటి చర్మముతో ముక్కు కట్టి, 1816లో ఆ అనుభవమును పుస్తకముగా ప్రకటించాడు. అక్కడి నుండి అది ఐరోపా అంతటికీ పాకింది. ఆ ఇటుకల పనివాని పేరు మాత్రము ఎవరూ వ్రాసి పెట్టలేదు.

కనిపించని కిరణములు

1895లో రోంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాడు. నాలుగేళ్ళు తిరగకముందే, 1899లో, స్వీడన్‌లో స్టెన్‌బెక్, స్యోగ్రెన్ అనే వైద్యులు ముఖముపై చర్మ క్యాన్సర్లను ఆ కిరణములతో మాన్పారు. కోత లేదు, రక్తము లేదు. ఇక కత్తి పని అయిపోయిందని అనుకున్నవారున్నారు. కాని కిరణములు పడిన చర్మము ఏళ్ళు గడిచిన కొద్దీ పలుచబడి, రంగు మారి, కొన్నిసార్లు ఆ చోటనే కొత్త క్యాన్సరు పుట్టడము తరువాత తెలిసింది. నేటికీ వయస్సు పైబడి శస్త్రచికిత్సకు తట్టుకోలేని వారిలో కిరణ చికిత్సకు తగిన స్థానము ఉన్నది. చిన్న వయస్సు వారిలో దానిని సాధ్యమైనంత వరకు తప్పిస్తారు.

గరిక వేళ్ళు

వ్యవసాయము తెలిసినవారికి గరిక గురించి చెప్పనవసరము లేదు. పైకి కనిపించిన పచ్చదనమును పీకి, చేను శుభ్రమయిందనుకుంటాము. మట్టి క్రింద నాలుగు వైపులా పాకిన వేరులో ఒక్క కణుపు మిగిలినా చాలు, వాన పడగానే మళ్ళీ లేస్తుంది. ముఖముపై క్యాన్సరు కూడా అంతే. కంటికి కనిపించే పుండు ఒక హద్దు వద్ద ఆగుతుంది. దాని కణములు ఒక పక్కకు, ఒక లోతుకు, హద్దు దాటి సన్నని వేళ్ళవలె వెళ్ళి ఉండవచ్చు. ఏ పక్కకు వెళ్ళాయో చేతికి తెలియదు, కంటికీ తెలియదు.

అందువలన సర్జనులు పుండు చుట్టూ కొంత ఆరోగ్యకరమైన చర్మమును కూడా కలిపి కోయడము నేర్చుకున్నారు. తీసిన ముక్కను పెథాలజిస్టుకు పంపితే అంచులలో క్యాన్సరు కణములు ఉన్నాయో లేవో చెబుతాడు. ఇది గొప్ప ముందడుగే. అయినా ఇందులో ఒక లోపము ఉన్నది. ఒక దోసకాయను తీసుకోండి. దానిని చక్రములుగా తరిగి నాలుగైదు చక్రములను మాత్రము చూస్తే తొక్కలో ఎంత భాగము చూసినట్లు? చాలా స్వల్పము. మామూలు పరీక్షలో తీసిన ముక్కను ఇలాగే నిలువుగా తరుగుతారు. నిజమునకు ముక్క అంచు మొత్తములో ఒక శాతము కూడా సూక్ష్మదర్శిని క్రిందకు రాదు. రెండు చక్రముల మధ్య తొక్కలో చిన్న తొలుపు ఉంటే అది మన కంటపడదు.

విస్కాన్సిన్‌లో ఒక విద్యార్థి

ఈ చిక్కును విప్పినవాడు ఫ్రెడరిక్ మోస్. 1910లో అమెరికాలో జన్మించిన ఆయన 1930ల ఆరంభములో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో విద్యార్థిగా, పరిశోధన సహాయకునిగా ఉండేవాడు. ఎలుకలకు అంటించిన క్యాన్సరు గడ్డలలోకి రకరకముల రసాయనములను సూదితో ఎక్కించి ఏమి జరుగుతుందో చూడడము ఆయన పని. 20 శాతము జింక్ క్లోరైడు ద్రావణము ఎక్కించినప్పుడు ఒక వింత కనిపించింది. కణజాలము చనిపోయింది, కాని దాని ఆకృతి చెదరలేదు. ఫార్మలిన్‌లో నిలవ చేసిన ముక్కవలె, సూక్ష్మదర్శిని క్రింద ప్రతి కణమూ స్పష్టముగా కనిపించింది. మనిషి శరీరములో ఉండగానే కణజాలమును ఇలా నిలిపి, తీసి, చూడగలిగితే?

ఆ ఆలోచనకు రూపము ఇవ్వడానికి కొన్ని ఏళ్ళు పట్టింది. జింక్ క్లోరైడు చర్మముపై నిలవడానికి దానిని స్టిబ్‌నైట్ అనే ఖనిజపు పొడితో, బ్లడ్‌రూట్ అనే అమెరికా మొక్క వేరు పొడితో కలిపి ముద్దగా చేశాడు. 1936లో రోగులకు చికిత్స ప్రారంభించాడు. ముద్దను పుండుపై పూసి ఒక రోజు ఉంచేవాడు. మరునాడు గట్టిపడిన పొరను పళ్ళెము ఆకారములో కోసి తీసేవాడు. అక్కడే అసలు కిటుకు ఉన్నది. ఆయన ఆ పొరను నిలువుగా తరగలేదు. దోసకాయ తొక్క మొత్తము ఒలిచి బల్లపై పరచినట్లు, పొర అడుగు భాగమును, చుట్టు అంచును ఒకే తలములోకి తెచ్చి చూశాడు. రోగి ముఖము పటము గీసుకుని, ఏ మూలన క్యాన్సరు కణములు మిగిలాయో అందులో ఎర్రగా గుర్తు పెట్టుకున్నాడు. మళ్ళీ ఆ మూలన మాత్రమే ముద్ద పూసి, మరునాడు ఆ మూలన మాత్రమే మరొక పొర తీశాడు. గరిక వేరు ఎటు పాకిందో అటే తవ్వుతూ పోయి, మిగతా చేనును కదిలించకుండా విడిచిపెట్టినట్లు.

1941లో 440 మంది రోగుల అనుభవముతో ఆయన ప్రకటించిన వ్యాసమును చాలామంది సర్జనులు ఆదరించలేదు. లేపనములతో క్యాన్సరు మాన్పుతామనే నాటు వైద్యులు ఆనాటికే చాలామంది ఉండేవారు. మోస్ ముద్దను చూడగానే వారికి ఆ లేపనములే జ్ఞప్తికి వచ్చి ఉంటాయి. పద్ధతిలో కష్టములు కూడా ఉన్నవి. ముద్ద పూసిన చోట నొప్పి, వాపు. రోజుల తరబడి సాగే చికిత్స. చివరన చచ్చిన పొర రాలే వరకు ముఖమును తిరిగి కట్టడానికి వీలు లేకపోవడము.

1953లో మోస్ ఒక కనురెప్ప క్యాన్సరు చికిత్సను చలనచిత్రముగా తీయిస్తున్నాడు. పని త్వరగా ముగియాలని, ముద్ద లేకుండా స్థానికపు మత్తు ఇచ్చి తాజా కణజాలమునే కోసి, గడ్డకట్టించి, సూక్ష్మదర్శినితో చూశాడు. గడ్డకట్టించిన ముక్కను నిమిషములలో పరీక్షించే విధానమును 1905లోనే మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ వాడుకలోకి తెచ్చి ఉన్నాడు. ఫలితము బాగున్నది. మోస్ కనురెప్పలకు ఈ పద్ధతినే వాడసాగాడు. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన ట్రొమొవిచ్, స్టెగ్మన్ అనే చర్మవైద్యులు తాజా కణజాల పద్ధతితో ముఖముపై ఇతర భాగములలో కూడా మంచి ఫలితములు వచ్చాయని ప్రకటించారు. దానితో ముద్ద తెరమరుగైంది. అనేక రోజుల చికిత్స ఒక పూటకు కుదించుకుపోయింది. 2002లో మోస్ మరణించే నాటికి ఆయన పేరు ఆ శస్త్రచికిత్సకే పేరైపోయింది.

ఈనాటి ఆచరణ

ఈనాడు మోస్ శస్త్రచికిత్సలో రోగి ఉదయము వస్తాడు. మత్తు సూది ఇచ్చి, కనిపించే గడ్డను, దాని క్రింద పలుచని పొరను తీస్తారు. రోగి కట్టుతో బయట కూర్చుంటాడు. గంటకు కొంచెము అటు ఇటుగా ఫలితము తెలుస్తుంది. కణములు మిగిలిన చోట మాత్రమే మరొక పొర తీస్తారు. అంచులన్నీ శుభ్రమైన తరువాత గాయమును పూడుస్తారు. తొలిసారి వచ్చిన బేసల్ సెల్ క్యాన్సరు ఈ పద్ధతి తరువాత ఐదేళ్ళలో తిరిగి రాకుండా ఉండే అవకాశము సుమారు 99 శాతమని చెబుతారు.

ఈ సౌకర్యము మన ప్రాంతములో అంతటా లేదు. లేదని అధైర్యపడనక్కరలేదు. చిన్నగా, హద్దులు స్పష్టముగా ఉన్న బేసల్ సెల్ క్యాన్సరును చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మముతో కలిపి కోస్తే అత్యధికులలో పూర్తిగా తొలగిపోతుంది. 2 సెంటీమీటర్ల లోపు గడ్డలకు ఈ 4 మిల్లీమీటర్లు సుమారు 95 శాతము మందిలో సరిపోతాయని 1987లో ప్రచురితమైన అధ్యయనము తేల్చింది. పెద్దవి, తిరిగి వచ్చినవి, కనురెప్పలు, ముక్కు, చెవుల చుట్టూ ఉన్నవి అయితే, పెథాలజిస్టు అంచులు శుభ్రమని చెప్పేవరకు కొన్ని రోజులు ఆగి, ఆ పిమ్మట గాయమును పూడ్చే సర్జనులు ఉన్నారు. గాయము తెరచి ఉన్నదని రోగులు కంగారు పడతారు. ఆ ఆగడము నిర్లక్ష్యము కాదు. క్రింద గరిక ఉండగా పైన గచ్చు వేయకూడదనే జాగ్రత్త.

పూడ్చే దారులు నాలుగు. చిన్న గాయమును దానంతట అది మాననివ్వవచ్చు. అంచులను దగ్గరకు తెచ్చి కుట్టవచ్చు. చెవి వెనుక నుండో, మెడ నుండో చర్మమును తీసి అతకవచ్చు. పక్కనున్న చర్మమును రక్తప్రసరణతో సహా జరిపి కప్పవచ్చు. దీనిని ఫ్లాప్ అంటారు. ముక్కులో ఎక్కువ భాగము పోయినప్పుడు ప్రపంచమంతటా సర్జనులు ఆశ్రయించేది నుదుటి ఫ్లాప్‌నే. కనుబొమ లోపలి కొస మీదుగా పైకి వెళ్ళే సన్నని ధమనిని తొడిమలో ఉంచి చర్మమును క్రిందకు తిప్పుతారు. సుమారు మూడు వారముల తరువాత తొడిమను కోస్తారు. పూణెలో పేరు తెలియని ఆ మనిషి ఆగినది 25 రోజులు. రక్తనాళములు కలుసుకోవడానికి పట్టే కాలము మారలేదు. మైనపు రేకు చోట నేడు కుట్లు కట్టిన కవరు రేకు వాడుతున్నారు, అంతే.

అన్ని చర్మ క్యాన్సర్లూ ఒకటి కావు

స్క్వేమస్ సెల్ క్యాన్సరు బేసల్ సెల్ కంటె వేగముగా పెరుగుతుంది. ముఖ్యముగా పెదవి, చెవులపై వచ్చినది మెడలోని లింఫు గ్రంథులకు పోగలదు. మన దేశములో ఇది పాత కాలిన మచ్చలపై, ఏళ్ళ తరబడి మానని పుండ్లపై కూడా పుడుతుంది. కనుక మెడను తడిమి చూడడము, అవసరమైతే గ్రంథులను తీయడము చికిత్సలో భాగము.

మెలనోమా చరిత్ర మరొక పాఠము చెబుతుంది. 1907లో లండన్ సర్జను విలియం హేండ్లీ ఒక్క రోగి శవ పరీక్షను ఆధారము చేసుకుని చుట్టూ చాలా వెడల్పుగా కోయాలని సూచించాడు. దశాబ్దముల పాటు సర్జనులు 5 సెంటీమీటర్ల వరకు మంచి చర్మమును తీసివేశారు. 1988లో వెరొనేసి బృందము రోగులను రెండు వర్గములుగా విడదీసి జరిపిన పరీక్షలో, పలుచని మెలనోమాలకు ఒక సెంటీమీటరు కోత కూడా మూడు సెంటీమీటర్ల కోత వలెనే ప్రాణమును కాపాడుతుందని తేలింది. తక్కువ కోయడము వలన మాత్రమే కాదు, ఆధారము లేని భయముతో ఎక్కువ కోయడము వలన కూడా రోగులు నష్టపోయారు.

మీరు చేయవలసినది

ముఖముపై పుండు గాని, పొక్కు గాని నెల దాటినా మానకపోతే, పక్కు ఊడి మళ్ళీ కడుతుంటే, ముట్టుకుంటే రక్తము కారుతుంటే, పుట్టుమచ్చ పెరుగుతూ, రంగు, అంచులు మారుతుంటే వైద్యునికి చూపించండి. ఆయన పూత మందు ఇస్తే వాడండి, కాని రెండవసారి కూడా పూత మందే ఇస్తే, “చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారా?” అని మీరే అడగండి. నాకు ఆ రోజు ఎవరైనా ఆ మాట అని ఉంటే ఎంత మేలు జరిగేదో! కోసి తీసిన ప్రతి ముక్కా ఫార్మలిన్ సీసాలో పెథాలజిస్టుకు వెళ్ళాలి. చెత్తబుట్టలోకి వెళ్ళిన ముక్క ఏమి చెప్పదలచుకున్నదో ఎవరికీ తెలియదు.

జిల్లేడు పాలు, సున్నము, కాల్చే మందులు పూయవద్దు. మోస్ ముద్దలోని దినుసులతోనే తయారైన నల్లని లేపనములను క్యాన్సరు మందులని నేటికీ అంతర్జాలములో అమ్ముతున్నారు. మోస్ రోగులను మాన్పినది ఆ ముద్ద కాదు, ప్రతి పొర అడుగునూ చూసిన సూక్ష్మదర్శిని. అది లేని లేపనము మనలను 1827కు వెనక్కి తీసుకుపోతుంది.

‘కత్తి పెడితే క్యాన్సరు పాకుతుంది’ అనే మాట మన ఊళ్ళలో బలముగా ఉన్నది. ముక్క తీసినందువలన చర్మ క్యాన్సరు పాకదు. ఆలస్యముగా వచ్చి, కత్తి పెట్టే నాటికే అది పాకి ఉండడము వలన ఆ మాట పుట్టింది. 1985లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ముక్కుపై నుండి బేసల్ సెల్ క్యాన్సరును తీసివేశారు. ఆయన ఆ సంగతిని విలేఖరులకు చెప్పి, తన పదవిలో కొనసాగాడు. తొందరగా చూపించుకున్న వారికి ఇది అంతటి చిన్న విషయము.

ఆ తల్లి ప్రశ్నకు ఆనాడు నేను తల వంచుకోవడము తప్ప జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను: అవునమ్మా, చిన్నగా ఉన్నప్పుడే తీసి ఉంటే, నాలుగు కుట్లతో, గీత వంటి ఒక మచ్చతో పోయేది. శస్త్రచికిత్సకు అప్పటికే అన్నీ తెలుసు. తెలియనిది నాకు. ఆ తరువాత ఉద్యోగ విరమణ వరకు ముఖముపై మానని పుండును నేను బయాప్సీ లేకుండా రెండవసారి పంపలేదు. ఇది చదివిన మీరు ఈ రాత్రి మీ ఇంటి పెద్దల ముఖమును ఒకసారి వెలుతురులో పరిశీలించండి. ముక్కు పక్కన, కంటి క్రింద, చెవి వెనుక చూడండి. అక్కడ ఏదైనా ఉంటే, ఎన్నాళ్ళుగా ఉన్నదని అడగండి.